అడవికి ఆలస్యంగా వచ్చిన హాస్యరాజు - కస్తూరి శివరావు

ఒక చిన్న ప్రశ్నతో మొదలుపెడతాను. హీరోగారి పేరు కాకుండా హాస్యనటుడి పేరు చెప్పి జనాన్ని డేరాలోకి రప్పించిన రోజులు తెలుగు సినిమాకు ఎప్పుడైనా ఉన్నాయా?

"ఎందుకు లేవు, రేలంగి ఉన్నాడుగా!" అంటారు పెద్దవాళ్ళు. "రాజబాబు!" అంటారు వాళ్ళకన్నా కాస్త చిన్నవాళ్ళు. "బ్రహ్మానందం!" అని మీరంతా ఒక్కసారిగా కేకేస్తారు. అందరి మాటా నిజమే. కానీ వీళ్ళందరికన్నా ముందు ఆ గద్దె మీద కూర్చుని, ఆ కిరీటం పెట్టుకుని, అంత తొందరగానూ దిగిపోయిన మహానుభావుడొకాయన ఉన్నారు. ఆయన పేరు కస్తూరి శివరావు.

ఎవరీయన, అంటున్నారా? మీ తప్పేం లేదు. కిందటేడు ఈ వ్యాసం గురించి ఒక పత్రిక ఆఫీసుకి వెళ్ళి చెబితే అక్కడి పెద్దమనిషి కూడా సరిగ్గా అదే అడిగాడు. "ఎవరండీ ఆయన? పోనీ, ఇప్పుడున్న కమెడియన్ల పారితోషికాల మీద ఏమన్నా రాయకూడదూ?" అన్నాడు. కాయితాలు చంకలో పెట్టుకుని బయటకొచ్చేశాను. ఆ కాయితాలే ఇప్పుడు మీ చేతుల్లో ఉన్నవి!

నాకు శివరావుగారిని పరిచయం చేసింది సినిమా కాదు, మా తాత. అందుకని కథ మా ఊరి నుంచే చెప్పాలి.

పోస్టర్లు అంటించిన కుర్రాడు

మాది గోదావరికి ఇవతలి ఒడ్డు, బూర్గంపాడు వైపు. అవతలి ఒడ్డున భద్రాచలం. ఇప్పుడంటే వంతెన మీద బస్సులో కునుకు తీసేలోపు దాటేస్తున్నాం గానీ, ఆ వంతెన వచ్చింది 1965లో. అంతకు ముందు పడవే దిక్కు. అంతేనా? 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడేదాకా ఇవతలి ఒడ్డు హైదరాబాదు రాష్ట్రం. అవతలి ఒడ్డు మొదట మద్రాసు రాష్ట్రం, 1953 నుంచి ఆంధ్ర రాష్ట్రం. రాముడి గుడికి దణ్ణం పెట్టుకోవాలంటే రాష్ట్రం దాటి వెళ్ళాలన్నమాట!

ఇంకో తమాషా చెప్పనా? భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. అంటే భద్రాచలం వాళ్ళకి జిల్లా కేంద్రం కాకినాడ. మన శివరావుగారిది ఆ కాకినాడే. ఆ లెక్కన ఆయన మా ఎదురు ఒడ్డు వాళ్ళకి జిల్లావాడు!

ఆ రోజుల్లో మా వైపు సినిమా అంటే టూరింగ్ టాకీసే. 1951 దాకా ఈ అడవుల్లో సాయుధ పోరాటం, మిలిటరీ క్యాంపులు. చీకటి పడితే గడప దాటే ధైర్యం ఎవరికుంది? గొడవలు చల్లబడ్డాకే డేరాలు ధైర్యం చేసి అడవి అంచుదాకా వచ్చాయి. కొత్తగూడెంలోని 'భద్రాచలం రోడ్డు' స్టేషన్ దాకా రైల్లో రీళ్ళ పెట్టెలు వచ్చేవి. అక్కణ్ణుంచి బస్సు దొరికితే బస్సు, లేకపోతే ఎడ్లబండి. రైల్వేవాళ్ళు స్టేషన్ కి భద్రాచలం రోడ్డు అని పేరు పెట్టారు గానీ, ఆ రోడ్డు పట్టుకుని భద్రాచలం చేరేసరికి ఒళ్ళు హూనమయ్యేదట.

మా తాతకి అప్పుడు పదిహేడేళ్ళు. పొద్దున పోస్టర్లు అంటించడం, మధ్యాహ్నం బండి మీద డప్పు కొట్టించుకుంటూ ఊళ్ళెంట కరపత్రాలు పంచడం, సాయంత్రం డేరాలో నీళ్ళు చల్లడం, రాత్రి గేటు దగ్గర నిలబడటం. ఇన్ని పనులకీ కలిపి ఒకటే జీతం. "జీతం తక్కువే గానీ సినిమా ఫ్రీ గదరా పిల్లగా!" అనేవాడు.

నేల టిక్కెట్టు అంటే నిజంగానే నేల. ఇసక పోసి ఉండేది. మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు, మధ్యలో అడ్డు. ప్రొజెక్టరు ఒక్కటే కాబట్టి రీలు మార్చినప్పుడల్లా ఆట ఆగేది. ఆగినప్పుడల్లా సోడాలు, మరమరాలు, పిల్లల ఏడుపులు. ఆయిలింజను మొరాయించిందా, ఆ రాత్రికి అంతే సంగతులు. జనం మాత్రం కదిలేవాళ్ళు కాదట. అడవిలో నాలుగు కోసుల దూరం నడిచొచ్చినవాళ్ళు అర్ధరాత్రి ఎక్కడికి పోతారు?

అలాంటి డేరాకి ఒకరోజు 'గుణసుందరి కథ' వచ్చింది.

దైవాధీనం వచ్చాడు!

'గుణసుందరి కథ' 1949 డిసెంబరు చివర్లో విడుదలైంది. వాహినీ వారి చిత్రం. దర్శకుడు కె.వి.రెడ్డి, రచన పింగళి నాగేంద్రరావు, ఛాయాగ్రహణం మార్కస్ బార్ట్లే. 'పాతాళభైరవి', 'మాయాబజార్' మనకిచ్చింది కూడా ఈ చేతులే అని వేరే చెప్పక్కర్లేదు.

కథ తెలియని కుర్రకారు కోసం రెండు ముక్కల్లో చెబుతాను. ఉగ్రసేన మహారాజుకి ముగ్గురు కూతుళ్ళు. పెద్దవాళ్ళిద్దరూ తండ్రికి నచ్చే మాట చెప్పి మంచి పేరు కొట్టేస్తారు. చిన్నది గుణసుందరి మాత్రం ఆడదానికి భర్తే దైవం అనేసరికి రాజుగారికి ఒళ్ళు మండి, ఆమెను దైవాధీనం అనే కురూపికి, చెవిటి మూగ వాడికి కట్టబెడతాడు. షేక్స్పియర్ 'కింగ్ లియర్' ఛాయలు ఇందులో ఉన్నాయంటారు. తర్వాత రాజుగారు జబ్బున పడితే ఆయన్ని బతికించే మహేంద్రమణి కోసం అల్లుళ్ళు ముగ్గురూ బయల్దేరతారు. మణి తెచ్చేది కురూపి అల్లుడు, దాన్ని కాజేసేది అందగాళ్ళయిన అల్లుళ్ళు. పాపం దైవాధీనం ఎలుగుబంటి కూడా అవుతాడు. ఆఖరికి శాపం తీరి, తన అసలు రూపమైన రాకుమారుడిగా నిలబడతాడు.

ఆ దైవాధీనమే కస్తూరి శివరావు. గుణసుందరి జూనియర్ శ్రీరంజని.

ఆలోచించండి. ఒక పెద్ద సంస్థ, అంత పెద్ద దర్శకుడు, సినిమా మొత్తం ఒక హాస్యనటుడి భుజాల మీద పెట్టారు. హీరో పక్కన కాదు, హీరో వేషమే ఇచ్చారు. తెలుగు సినిమా పుట్టి అప్పటికి ఇంకా ఇరవై ఏళ్ళు కూడా కాలేదు!

ఇంకో చిత్రం కూడా చూడండి. అందులో పెద్దల్లుళ్ళిద్దరిలో ఒకరు వల్లభజోస్యుల శివరాం. రెండోవారు ఎవరో తెలుసా? రేలంగి వెంకట్రామయ్య! అంటే 1949లో శివరావు హీరో, రేలంగి ఆ హీరోని ఏడిపించే తోడల్లుడు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాం.

తెర పక్కన తాత

మా డేరాకి వచ్చేవాళ్ళలో సగం మంది కోయవాళ్ళు. సంత రోజైతే ఇంకా ఎక్కువ. ఇప్పపువ్వు, కుంకుడుకాయలు, తేనె అమ్ముకుని, ఉప్పూ గుడ్డలూ కొనుక్కుని, మిగిలిన డబ్బుతో ఆటకి వచ్చేవాళ్ళు. పెద్దవాళ్ళలో చాలామందికి తెలుగు అంతంతమాత్రం. పింగళివారి మాటలు వాళ్ళకెలా అర్థమయ్యేది?

మేనేజరుకి ఒక ఉపాయం తట్టింది. మా తాత చిన్నప్పటినుంచీ కోయపిల్లలతో కలిసి పశువులు కాసినవాడు, వాళ్ళ మాట తెలిసినవాడు. "నువ్వు తెర పక్కన నిలబడి వాళ్ళకి కథ చెప్పరా" అన్నాడట. అంతే! గేటు దగ్గరి కుర్రాడు తెర పక్కకి చేరాడు. రాజుగారు కోప్పడితే తాత కోప్పడటం, రాణిగారు ఏడిస్తే తాత గొంతు బొంగురు చెయ్యడం.

"అన్ని సిన్మాలకీ చెప్పేటోణ్ణి. దీనికి మాత్రం నాకు పనే లేకపాయె" అనేవాడు తాత.

ఎందుకంటే దైవాధీనం తెర మీదకి రాగానే ఎవరికీ ఏదీ చెప్పక్కర్లేదు. ఆ నడక, ఆ చూపు, విననట్టు పెట్టిన ఆ మొహం... జనం తాత మాట వినడం మానేసి పడీ పడీ నవ్వేవాళ్ళట. నోరు పెగలని వేషం భాష రాని జనానికి తిన్నగా వెళ్ళి తగిలింది! ఎలుగుబంటి ఘట్టం వచ్చేసరికి డేరా దద్దరిల్లిపోయేదట. మరి అడవిలో రోజూ ఎలుగుకి భయపడే వాళ్ళాయె. వాళ్ళకి అది సినిమా జంతువు కాదు, ఇంటి వెనక జంతువు.

నవ్వి నవ్వి, ఆఖర్న కురూపి కాస్తా రాకుమారుడిగా మారగానే డేరా అంతా ఒక్కసారి గప్ చుప్ అయ్యేదట. "అప్పటిదాకా ఎవల్ని జూసి నవ్విన్రో ఆయనే రాజు. ఆళ్ళకి సిగ్గేసేది. నాక్కూడా సిగ్గేసింది" అని తాత నాకు చెప్పాడు. నాకు తెలిసి ఈ సినిమా మీద ఇంతకన్నా మంచి సమీక్ష ఎవరూ రాయలేదు.

ఎన్ని రోజులాడిందో తాతకి గుర్తులేదు. పోస్టర్లు అయిపోతే పాత పోస్టర్లోంచి శివరావు మొహం వరకూ కత్తిరించి ఎడ్లబండికి అంటించి తిప్పామని మాత్రం చెప్పేవాడు.

మూకీ నుంచి మొదలు

ఇంతకీ ఈ శివరావు ఎక్కణ్ణుంచి వచ్చారు?

1913లో కాకినాడలో పుట్టారు. సినిమా ఇంకా మాటలు నేర్వని కాలం అది. మన మొదటి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లోనే కదా. అంతకు ముందు మూకీ బొమ్మలు ఆడుతుంటే తెర పక్కన ఒక మనిషి నిలబడి, అందులో ఏం జరుగుతోందో జనానికి వినిపించేవాడు. తెర మీద అక్షరాలు పడినా చదవగలిగేవాళ్ళు ఎందరు? అందుకని వ్యాఖ్యాత ఉండాల్సిందే. వీరుడు గుర్రమెక్కితే డెక్కల చప్పుడు, ప్రేయసి ఏడిస్తే వెక్కిళ్ళు, దొంగ వస్తే "అదిగో వచ్చేస్తున్నాడు చూడండీ!" అన్న కేక. వ్యాఖ్యాత గట్టివాడైతే చచ్చు బొమ్మ కూడా ఆడేది.

మన శివరావుగారు కుర్రతనంలో చేసిన పని ఇదే. నటుడు కాకముందు ఆయన మాటలు రాని బొమ్మలకి గొంతు! ఆ తర్వాత నాటకాలు, ఆపైన సినిమాలు. సి.పుల్లయ్యగారు కాళ్ళకూరి నారాయణరావుగారి నాటకాన్ని తెరకెక్కించిన 'వరవిక్రయం'తో 1939లో తెర మీదకి వచ్చారు. భానుమతిగారికి కూడా అదే మొదటి చిత్రం. 1941లో 'చూడామణి', 1945లో 'స్వర్గసీమ'... ఇలా మెట్టు మెట్టూ ఎక్కి 1948లో 'బాలరాజు' దగ్గరికి వచ్చేసరికి ఆయన సుడి తిరిగింది. ఘంటసాల బలరామయ్యగారి ఆ చిత్రం అక్కినేనికి పెద్ద పేరు తెచ్చిందని అందరికీ తెలుసు. శివరావుకి కూడా అంత పేరూ తెచ్చిందన్నది మరిచిపోయిన సంగతి.

ఆయన పాటలు ఆయనే పాడుకునేవారు. రంగస్థలం గొంతు, మూకీల దగ్గర పదును పెట్టిన గొంతు! వెనక వరసలో కూర్చున్నవాడికి కూడా వినిపించాలన్న పట్టుదల ఆ గొంతులో ఉండేది. 1949లో 'లైలా మజ్నూ', 'రక్షరేఖ', 'గుణసుందరి కథ', 1950లో 'స్వప్నసుందరి'. ఆ రెండు మూడేళ్ళూ ఆయనవే. ఆయన బ్యూక్ కారులో వెళుతుంటే మద్రాసు వీధుల్లో జనం మూగేవాళ్ళని పాత తరం వాళ్ళు కథలు కథలుగా చెప్పుకునేవారు. కమెడియన్ కి బ్యూక్ కారు! అప్పట్లో అది చిన్న విషయం కాదు.

ఆ ఊపులోనే 1950లో సొంతంగా నిర్మాతై, దర్శకుడై 'పరమానందయ్య శిష్యులు' తీశారు.

అక్కడ్నించే కథ మలుపు తిరిగింది.

పొద్దు ఎటు వాలింది?

శివరావు ఎందుకు వెనకబడ్డారన్నదానికి ఎవరికి తోచింది వారు చెబుతారు. నాకు తోచింది నేను చెబుతాను.

1951లో 'పాతాళభైరవి' వచ్చింది. అందులో రాణిగారి తమ్ముడి వేషం రేలంగిది. ఆ ఏడాది నుంచి తెలుగు సినిమాలో హాస్యం చేసే పద్ధతే మారిపోయింది. అంతకు ముందు హాస్యం నాటకాల నుంచి తిన్నగా తెర మీదకి దూకింది. గొంతు పెద్దది, చెయ్యి ఊపు పెద్దది, పాట తప్పనిసరి. మైకులు, కెమెరాలు మెరుగుపడి, నటుడి కనుబొమ కదిలినా జనానికి కనపడే రోజులు వచ్చాక ఆ పెద్ద గొంతు ఎబ్బెట్టు అయిపోయింది. రేలంగి ఏం చేశారు? తగ్గించారు. కథ లోపల ఒదిగిపోయారు. 'మిస్సమ్మ'లో దేవయ్యని చూడండి, 'మాయాబజార్'లో లక్ష్మణకుమారుణ్ణి చూడండి, 'నర్తనశాల'లో ఉత్తరకుమారుణ్ణి చూడండి. ఎక్కడా గొంతు చించుకోరు.

కానీ ఒక్క మాట. ఈ రేలంగి కూడా ఉన్నట్టుండి ఊడిపడలేదు. ఆయన మొదటి సినిమా 1935లో, 'శ్రీకృష్ణ తులాభారం'. ఆయన పెరిగిందీ నాటకాలాడిందీ కాకినాడలోనే. ఆ తర్వాత పదమూడేళ్ళపాటు చిల్లర వేషాలు, పుల్లయ్యగారి దగ్గర నటనకి సంబంధం లేని పనులు కూడా! 1948లో 'వింధ్యరాణి', 1949లో 'కీలుగుర్రం' వచ్చేదాకా జనం ఆయన్ని గుర్తుపట్టలేదు. ఒకే ఊరి మనుషులు ఇద్దరు. ఒకాయన శిఖరం మీదున్న ఏడాదే రెండోవారు మొదటి మెట్టు ఎక్కారు. 'గుణసుందరి కథ'లో ఇద్దరూ ఒకే ఫ్రేములో నిలబడ్డారు. ఆ ఫ్రేములో ఎవరు పైకి వెళ్తున్నారో, ఎవరు కిందికి దిగబోతున్నారో వాళ్ళకే తెలీదు!

రేలంగికి 1970లో పద్మశ్రీ వచ్చింది. 1975లో తాడేపల్లిగూడెంలో ఆయన కన్నుమూసేనాటికి తెలుగునాట ఆ పేరు తెలియని ఇల్లు లేదు.

శివరావు మాత్రం 1950 తర్వాత చిన్న వేషాలకి పరిమితమైపోయారు. బ్యూక్ కారు పోయింది, మూగిన జనం పోయారు. ఇబ్బందుల మధ్యనే 1966లో వెళ్ళిపోయారు. అప్పటికి ఆయనకి నిండా యాభై మూడేళ్ళు.

ఇప్పుడు మా అడవి దగ్గరికి మళ్ళీ రండి. మా డేరాకి 'గుణసుందరి కథ' వచ్చింది సినిమా విడుదలైన రెండు మూడేళ్ళకి. అంటే మా వాళ్ళు ఎడ్లబండికి శివరావు బొమ్మ అంటించి ఊరేగిస్తున్న రోజుల్లోనే, అక్కడ మద్రాసులో ఆయన పొద్దు వాలిపోయింది. అక్కడ సాయంత్రమైన సూర్యుడు మా దగ్గర అప్పుడే ఉదయించాడు! మా వాళ్ళకి ఆ సంగతి తెలీదు. "శివరావు కొత్త బొమ్మ ఎప్పుడొస్తది?" అని సంతకి వచ్చిన ప్రతివాడూ తాతని అడిగేవాడట. తాత మేనేజర్ని అడిగేవాడు. మేనేజరు "వస్తది వస్తది" అనేవాడు.

అది రాలేదు. 'మాయాబజార్' వచ్చింది. శివరావు మొహం అంటించిన గోడల మీదే తాత రేలంగి మొహం అంటించాడు. "అదే మైదా, అదే గోడ. శివరావు మీద రేలంగిని పెట్టి చేత్తో రుద్దిన" అన్నాడు. రేలంగి మీద తాతకి కోపం లేదు, రేలంగి అంటే ప్రాణం కూడాను. కానీ ఆ రుద్దడం మాత్రం ఆయన మరిచిపోలేదు.

అక్కడి క్యాంబెల్, ఇక్కడి శివరావు

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. చార్లీ చాప్లిన్ సినిమాల్లో దుబ్బు కనుబొమలతో, కొండంత ఒళ్ళుతో చార్లీని తరిమే ఒక భారీ మనిషిని మీరు చూసే ఉంటారు. పేరు ఎరిక్ క్యాంబెల్. చాప్లిన్ లాగే ఆయనా ఫ్రెడ్ కార్నో నాటక కంపెనీలో పనిచేసి అమెరికా చేరిన బ్రిటిష్ నటుడు. చాప్లిన్ 1916, 17 సంవత్సరాల్లో మ్యూచువల్ కంపెనీకి తీసిన పన్నెండు చిత్రాల్లో పదకొండింట్లో ఈయన ఉన్నాడు. ఆ కొండ లేకపోతే చార్లీ చిన్నవాడిగా కనపడేవాడా? పెద్దవాడి మీద గెలిచాడు కాబట్టే కదా మనం చార్లీకి చప్పట్లు కొట్టాం!

1917 డిసెంబరు 20న లాస్ ఏంజిలిస్ లో కారు ప్రమాదంలో క్యాంబెల్ చనిపోయాడు. ఆయన అస్థికలు అడిగి తీసుకెళ్ళేవారు లేక 1952 దాకా అలాగే పడి ఉన్నాయి. ముప్ఫై అయిదేళ్ళు! ఆ ముప్ఫై అయిదేళ్ళూ ప్రపంచంలో ఏదో ఒక మూల, ఏదో ఒక హాల్లో ఆయన్ని చూసి జనం నవ్వుతూనే ఉన్నారు. అస్థికలు మాత్రం అల్మారాలో ఉన్నాయి.

హాస్యనటుడి బతుకింతేనా అనిపిస్తుంది. ఏడిపించిన వాళ్ళని గుర్తుపెట్టుకుంటాం, నవ్వించిన వాళ్ళని మర్చిపోతాం. నవ్వు కడుపులోంచి వస్తుంది కదా, వచ్చిన దారినే పోతుందేమో!

ఈ సంగతి మనందరికన్నా బాగా తెలిసినవారు రాజబాబు. తన పుట్టినరోజు వస్తే తనకి సన్మానం చేయించుకోకుండా, పాతతరం నటుల్ని పిలిచి వాళ్ళకి సన్మానం చేసేవారు. ఆయనే 1983లో నలభై అయిదేళ్ళకే వెళ్ళిపోయారు. బాపు రమణల 'అందాల రాముడు'లో గోదావరి మీద మా భద్రాచలం దాకా లాంచీ ప్రయాణం చేసిన బృందంలో ఆయనా ఉన్నారు. 1973 నాటి ఆ సినిమా చూసినప్పుడల్లా నాకు ఒకటే అనిపిస్తుంది. ఆ నీళ్ళమీదే ఒకప్పుడు రీళ్ళ పెట్టెలు, వాటిల్లో శివరావు, పడవలో దాటి వెళ్ళారు కదా అని.

హాస్యానికి మా జిల్లా గొడ్డుపోలేదు లెండి. బీరోలులో పుట్టిన బాబూమోహన్ మా ఖమ్మం జిల్లావాడే. 1991లో 'మామగారు'లో కోట శ్రీనివాసరావుతో కలిసి ఆయన చేసిన అల్లరికి జనం ఎంత నవ్వారో మీ నాన్నగారినడగండి. కోటగారు 2025లో వెళ్ళిపోయారు. ఆయన గురించి అందరూ రాశారు, రాయాల్సిందే. 1966లో శివరావు గురించి ఎంతమంది రాశారు?

"ఏ శివరావు?"

ఆ కబురు తాతకి తెలిసిన పద్ధతి వినండి. అప్పటికి డేరా మూతపడి తాత కొత్తగూడెంలో కూలికి చేరాడు. కిళ్ళీకొట్లో పాత పేపరు ముక్క మీద ఆ వార్త కనపడిందట. చదువు అంతంతమాత్రం, అయినా ఆ పేరు చదవడం పోస్టర్ల మీద నేర్చుకున్నాడు కదా! ఇంటికొచ్చి నాయనమ్మతో "మన శివరావు పోయిండంట" అన్నాడు. నాయనమ్మ కంగారుపడి "ఏ శివరావు? మీ మేనత్త కొడుకేనా?" అంది. తాత ఏం చెబుతాడు? "అవు, చుట్టమే" అన్నాడట.

ఇది నాకు ఆయన నవ్వుతూనే చెప్పాడు.

తాత పోయేముందు ఏడాది, ఈ వ్యాసం కోసం నేను సంగతులు పోగేస్తున్నప్పుడు, శివరావుగారు మూకీలకి వ్యాఖ్యానం చెప్పేవారన్న విషయం మొదటిసారి నాకు తెలిసింది. సాయంత్రం మంచం పక్కన కూర్చుని తాతకి చెప్పాను. "తాతా, నీకు తెలుసా? సినిమాల్లోకి రాకముందు శివరావు కూడా తెర పక్కన నిలబడి జనానికి కథ చెప్పేవాడంట" అన్నాను.

తాత చాలాసేపు పలకలేదు. వినపడలేదేమో అనుకుని మళ్ళీ చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"అయితే ఆయన్ది నాది ఒక్క పనేనారా?" అన్నాడు.

"ఒక్కటే తాతా."

"మరి ఆనాడు నాకెందుకు తెల్వలే! ఆ కోయోళ్ళకి చెప్పేటోణ్ణి గదా... మీకు నేను నిలబడ్డట్టే ఆయన గూడ నిలబడ్డడు, సూడుండ్రి అని."

ఆయన బాధ అదొక్కటే. తనకి గొప్ప దక్కలేదని కాదు. డేరాలో ఆ రాత్రి చెప్పాల్సిన ఒక మంచి మాట చెప్పకుండా మిగిలిపోయిందని!

మొన్న భద్రాచలం వెళ్ళినప్పుడు కరకట్ట దగ్గర టీకొట్టు ముందు నలుగురు కాలేజీ కుర్రాళ్ళు ఫోన్లో ఏవో కామెడీ ముక్కలు చూసుకుని నవ్వుకుంటున్నారు. మాట కలిపి, నా ఫోన్లో 'గుణసుందరి కథ' పెట్టి వాళ్ళ ముందు పెట్టాను. బ్లాక్ అండ్ వైట్ అనేసరికి మొహాలు చిట్లించారు. ఒకడు మర్యాదకి చూస్తున్నాడు, ఇంకొకడు టీ ఊదుకుంటున్నాడు. దైవాధీనం తెర మీదకి వచ్చాడు. టీ ఊదుకుంటున్నవాడే ముందు కిసుక్కున నవ్వాడు. తర్వాత నలుగురూ నా ఫోను మీదకి వంగారు. డెబ్భై ఏళ్ళ కిందట, ఇదే గోదావరి ఒడ్డున, అడవిలోంచి నడిచొచ్చిన జనం నవ్వింది కూడా ఈ మొహాన్ని చూసే!

"ఎవరన్నా ఈయన?" అన్నాడు టీ కుర్రాడు.

తాత లేడు. కాబట్టి నేనే లేచి నిలబడి చెప్పాను. "ఈయన పేరు కస్తూరి శివరావు. మనకి చుట్టం."